మా ఆవిడ ఖాతాలో దొంగ

ఇంటి నుంచి,
మంగళవారం

బావగారికి,

నమస్కారం. ఇక్కడ నేనూ పాపా బాగానే ఉన్నాం. అక్కడ మీరూ అక్కయ్యా కూడా అలాగే ఉన్నారని అనుకుంటున్నాను.

పాప స్కూల్లో డేటా చోరీ జరిగింది. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, చిరునామాలు, ఫొటోలు, మార్కులు, టీకాల వివరాలు పోయాయి. స్కూలు యాప్‌లో టీచర్లకీ తల్లిదండ్రులకీ మధ్య నడిచిన సందేశాలు కూడా దొంగల చేతిలో పడ్డాయి. స్కూలు వాళ్లు నోటీసు పంపారు. చింతిస్తున్నాం అని చాలా చోట్ల రాశారు. ఏం చేస్తారో ఒక్క చోటా రాయలేదు.

మీ చెల్లెలు రోజూ సాయంత్రం ఆ యాప్‌లో క్లాస్ టీచర్‌కి రాసేది. వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడి, ఒక చేతిలో గరిటె, ఒక చేతిలో ఫోను. ఏం రాసేదో నేను ఎప్పుడూ అడగలేదు. ఆమె పోయాక ఆ ఫోను నంబరు నేనే రద్దు చేయించాను. ఇప్పుడు ఆ ఖాతా తెరవడం నా వల్ల కావడం లేదు.

విచారణ ముగిశాక భద్రత కోసం పాత సందేశాలన్నీ చెరిపేస్తారట. నెలాఖరు గడువు. ఈలోపు ఆమె రాసినవాటికి ఒక ప్రతి నాకు కావాలి. చట్టంలో మాలాంటి కుటుంబాలకి ఏమేం దారులున్నాయో తెలియజేయగలరు.

మీ బావ

తా.క. అనుమానాస్పదమైన మెయిళ్లు తెరవవద్దు అన్న హెచ్చరిక మెయిల్లోనే వచ్చింది. తెరవాలా వద్దా అని కొంతసేపు ఆలోచించాను. అందుకే మీకు ఉత్తరం రాస్తున్నాను.

*

ఇంట్లోని ఆఫీసు గది,
శుక్రవారం

ప్రియమైన బావగారికి,

న్యాయదేవత తరఫునా నా తరఫునా శుభాకాంక్షలు.

ముందుగా ఒక సంగతి. ఈ చేతిరాత నాది కాదు. మీ ఉత్తరం అందిన మరుక్షణం డేటా రక్షణ చట్టం పుస్తకం కోసం నిచ్చెన ఎక్కాను. పుస్తకం చేతికి దొరికింది. నిచ్చెన కాలికి దొరకలేదు. కుడి చెయ్యి కట్టులో ఉంది. నేను చెబుతుంటే మీ అక్కయ్య రాస్తోంది. ఎడమచేతి సంతకం మాత్రం నాదే. చెప్పింది మళ్లీ చదివి చూసుకునే అలవాటు నాకు లేదని మీకు తెలుసు. ముప్పై ఏళ్లుగా నేను చెబుతాను, గుమాస్తా రాస్తాడు, నేను సంతకం పెడతాను, మనం గెలుస్తాం.

ఇన్నేళ్లూ ప్రహరీగోడల కేసులు వాదించినవాడికి డేటా గురించి ఏం తెలుసని మీరు అనుకోవచ్చు. డేటా అన్నా గోడే బావగారూ! పిల్లల చుట్టూ గోడ కడతామని స్కూలు మాటిచ్చింది. గోడకి కన్నం పడింది. కన్నం వేసినవాడు ఒక ముద్దాయి. చూస్తూ కూర్చున్నవాడు ఇంకో ముద్దాయి.

ఇక దారులంటారా, బోలెడు. మా పిల్లవి ఏమేం పోయాయో రాసివ్వండని స్కూలుని నిలదీయవచ్చు. ఇవ్వకపోతే డేటా రక్షణ కార్యాలయానికి ఫిర్యాదు చేయవచ్చు. ఆ వివరాలు ఎవరైనా వాడుకున్నారని తెలిస్తే పోలీసుల సైబర్ విభాగం ఉండనే ఉంది. నిర్లక్ష్యానికి పరిహారం కోరుతూ దావా వేయవచ్చు. ఒక్కరే వేస్తే అది గొణుగుడు, తల్లిదండ్రులంతా కలిసి వేస్తే గర్జన! వీటన్నిటికీ మించి, మా వివరాలు మీ దగ్గర ఉండనక్కర్లేదు, చెరిపేయండి అని అడిగే హక్కు ఒకటుంది. నా మనసు దానిమీదే ఉంది. కన్నం పడ్డ గోడని మొదలంటా కూల్చేయించాలి.

మీరు ప్రతి అడిగింది సాక్ష్యం కోసమని ఇట్టే గ్రహించాను. భేష్.

జాగ్రత్తలు చెబుతాను, వినండి. ఇకమీదట ఉత్తరాల్లో మనుషుల పేర్లు వద్దు, ఊళ్ల పేర్లు వద్దు. దొంగలు ఎక్కడ పొంచి ఉంటారో తెలియదు. మీరు ‘పెద్ద పార్టీ’. పాప ‘చిన్న పార్టీ’. దీంతో వకాలతు పంపుతున్నాను. సంతకం పెట్టి తిప్పి పంపండి. ఆపైన మీరు నిశ్చింతగా ఉండండి, నేను ఉండను.

సమరోత్సాహంతో,
మీ బావ

తా.క. ఇది అక్కయ్య సొంతంగా రాస్తున్నది. తమ్ముడూ, గర్జన అన్న చోట ఆయన నిజంగానే గర్జించారు. పక్కింటి కుక్క జవాబిచ్చింది. అది పైన రాయలేదు. పాప సరిగ్గా తింటోందా?

*

ఇంటి నుంచి,
బుధవారం

బావగారికి,

చెయ్యి త్వరగా కుదురుకోవాలి. వకాలతు మీద సంతకం పెట్టి పంపుతున్నాను.

ప్రతి అడిగింది సాక్ష్యం కోసం కాదు. నాకు కావాలి.

నిన్న స్కూలు ఆఫీసుకి వెళ్లాను. గాజు పలక వెనక గుమాస్తా ఉన్నాడు. మర్యాదస్థుడు.

“ఖాతా ఎవరి పేరున ఉందండీ?”

“మా ఆవిడ పేరున.”

“అయితే ఆవిడే వచ్చి అడగాలండీ. రూలు.”

“ఆవిడ రాలేదు.”

“పర్వాలేదండీ, తీరిక చూసుకుని రమ్మనండి.”

“నెలాఖరుకి చెరిపేస్తారట కదా.”

“అమ్మో! అయితే గబగబా రమ్మనండి.”

ఆమె లేదని అప్పుడు చెప్పాను. గుమాస్తా లేచి నిలబడ్డాడు. ఎప్పుడని అడిగాడు. ఏడాది కావస్తోందన్నాను. అతను మెల్లగా కూర్చుని, తెర వైపు చూసి, నా వైపు చూసి, మళ్లీ తెర వైపు చూశాడు.

“మరి, నిన్న సాయంత్రం జవాబిచ్చారేంటండీ?”

తెర నా వైపు తిప్పాడు. పాపని ఈత తరగతికి పంపడానికి తల్లి అనుమతి ఇచ్చింది. దాని కింద ఒక వాక్యం ఉంది. “చెవుల్లో దూది పెట్టి పంపిస్తాం, నీళ్లు పోతే రాత్రంతా నొప్పి అని ఏడుస్తుంది.”

పాపకి చెవినొప్పి రావడం నిజం. నిన్న ఉదయం దాని చెవుల్లో దూది చూశాను. బడిలో గోల భరించలేక పెట్టుకుందనుకున్నాను.

ఎవరో మీ చెల్లెలి ఖాతాలోంచి రాస్తున్నారు. దీనికి చట్టంలో ఏమంటారో చెప్పగలరు.

మీ బావ

తా.క. ఆమె పోయిన సంగతి స్కూలుకి నేను చెప్పలేదు. అప్పుడే టీచర్ మారింది. కొత్తావిడ అడగలేదు.

ఇంకో తా.క. పాపని పాప అనే రాస్తాను. చిన్న పార్టీ అని పిలిచి చూశాను. పలకలేదు.

*

ఆఫీసు గది,
శనివారం

దగాపడిన బావగారికి,

మీ ఉత్తరం చదివి వినిపిస్తుంటే కుర్చీలోంచి లేచాను. కట్టులో ఉన్న చెయ్యి బల్లకి తగిలింది. ఆ నొప్పి కూడా ముద్దాయి లెక్కలోనే వేస్తాను.

దీన్ని చట్టంలో వేషధారణ అంటారు. ఒకరి పేరుతో ఇంకొకరు చలామణి కావడం! అదీ ఎవరి పేరు? నా చెల్లెలి పేరు! బతికున్న మనిషి పేరు దొంగిలిస్తే ఆ మనిషి వచ్చి చెంప పగలగొడుతుంది. లేని మనిషి పేరు దొంగిలించినవాడు పిరికిపంద.

సైబర్ విభాగానికి ఫిర్యాదు పంపేశాను. దొంగ రూపురేఖలు కూడా అనుభవం మీద ఊహించి ఇచ్చాను. పాతికేళ్ల కుర్రాడు. చీకటి గదిలో ఉంటాడు. నిద్ర ఉండదు, తిండి ఉండదు. చెవినొప్పి సంగతి టీకాల వివరాల పక్కనే కాజేసి ఉంటాడు. నమ్మకం సంపాదించాక ఏదో ఒకరోజు అసలు పన్నాగం బయటపెడతాడు. ఆ అవకాశం మనం ఇవ్వం. చెల్లెలి ఖాతాని మొత్తంగా, పాతవీ కొత్తవీ, అక్షరం మిగలకుండా చెరిపించమని డేటా రక్షణ కార్యాలయానికి పిటిషన్ తయారుచేస్తున్నాను.

ఇది మాత్రం వకీలుగా కాదు, బావగా అడుగుతున్నాను. ఏడాదిగా చెప్పలేదా? అడగలేదని చెప్పలేదా? వంతెనలు తనిఖీ చేయడం మీ ఉద్యోగం. పగులు కనబడితే కూడా ఎవరైనా వచ్చి అడిగేదాకా అలాగే నిలబడతారా? పెద్దమనిషి అనాలో ఏమనాలో తెలియడం లేదు.

తీవ్రమైన ఆగ్రహంతో, అంతకుమించిన ఆప్యాయతతో,
మీ బావ

తా.క. అక్కయ్య రాస్తున్నది. దొంగకి ముఖం నిండా మొటిమలని కూడా ఆయన చెప్పారు. అది కొట్టేశాను. చూడని మనిషి గురించి అంతంత మాటలెందుకు? తిండి లేదన్నది కూడా కొట్టేద్దామనుకున్నాను, ఆయన చూస్తుండగా కుదరలేదు. ఇంతకీ ఈతకి వెళ్లాక చెవి బాగానే ఉందా?

*

ఇంటి నుంచి,
గురువారం

బావగారికి,

చెవి బాగానే ఉందని అక్కయ్యకి చెప్పగలరు.

దయచేసి చెరిపించవద్దు. చెరిపిస్తే నాకు కావలసింది కూడా పోతుంది.

క్లాస్ టీచర్‌ని కలిశాను. నన్ను చూడగానే నవ్వింది.

“మీరు పాప నాన్నగారు కదూ? మీరు ఎక్కువ మాట్లాడరని ఆవిడ చెప్పారు లెండి.”

“ఎప్పుడు?”

“మొన్ననే.”

విషయం చెప్పాను. ఆమె పిల్లల బెంచీ మీద కూలబడింది. “అయ్యో, మరి ఈ ఏడాదంతా నాతో మాట్లాడుతున్నదెవరండీ?” అంది. సీసాలో నీళ్లు తాగింది. సీసా నాకు అందించింది. నేనూ తాగాను.

రెండు రోజులకి ఆమెని మళ్లీ కలిశాను. ఖాతాని ఇప్పుడే ఆపవద్దని పోలీసులు చెప్పారట, దొంగ జాగ్రత్తపడతాడని. అందుకని ఆమె రోజూ ఏమీ తెలియనట్టే జవాబు రాయాలి. “నాకు నటన రాదండీ, నిన్న హలో అని రాయడానికి మూడుసార్లు చెరిపాను” అని వాపోయింది.

ఈమధ్య వచ్చినవి చూపించింది. దొంగ ఇలా రాశాడు. “పాప కళ్లు చికిలించి చూస్తోంది. ముందు బెంచీలో కూర్చోబెట్టండి. తినేటప్పుడు పలకరించకండి, కబుర్లలో పడి తినడం మానేస్తుంది. వాళ్ల నాన్నకి ప్రశ్నలు పంపకండి. ఆయన మంచివాడే. అవును, కాదు అని మాత్రం వస్తుంది.”

పాపని కళ్ల డాక్టరుకి చూపించాను. కళ్లజోడు పడింది. దొంగ చెప్పింది నిజం. రోజూ ఎదురుగా కూర్చుని తినే నేను గమనించలేదు.

మేలు చేసే దొంగకి చట్టంలో వేరే సెక్షన్ ఏమైనా ఉందా?

తల్లిదండ్రుల సమావేశం కూడా జరిగింది. పిల్లల కుర్చీల్లో కూర్చున్నాం. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. “మావాడి మార్కులు లోకం మొత్తానికి తెలిసిపోయాయి, మా పరువు నష్టం ఎవరిస్తారు?” అని బస్సు డ్రైవరుగా పనిచేసే ఒకావిడ అడిగింది. “మార్కులు మీవాడివి, పరువు మీదెలా పోయిందమ్మా?” అన్నాడు పళ్ల డాక్టరు. “వాడికి లెక్కలు చెప్పింది నేనే మరి” అందావిడ. తరవాత అందరూ ఒకేసారి మాట్లాడారు. చివరికి ఎవరో నన్ను చూపించి, అరవకుండా కూర్చున్నది ఈయనొక్కడే అన్నారు. నన్ను అధ్యక్షుణ్ని చేశారు.

మీ బావ

తా.క. అధ్యక్షోపన్యాసం అడిగారు. “ఎవరి పిల్లవి ఏం పోయాయో విడివిడిగా రాసిమ్మందాం. తరవాత తిడదాం” అన్నాను. చప్పట్లు కొట్టారు. అది మీ ఉత్తరంలోదే. రెండో వాక్యం నాది.

*

ఆఫీసు గది,
సోమవారం

గుంభనమైన బావగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. రెండోసారి గదిలో పచార్లు చేస్తూ విన్నాను. అంతా అర్థమైంది.

చెవినొప్పి తెలుసు. చూపు తెలుసు. తిండి తెలుసు. అన్నిటికన్నా ముఖ్యం, మీరు మాట్లాడరని తెలుసు. ఇది చీకటిగదిలో కుర్రాడు కాదు బావగారూ. మీ గడప తొక్కే మనిషి. ఆడమనిషి. ‘మేలు చేసే దొంగ’ అని మీరు రాసినప్పుడే నాకు తట్టింది. వకీలుని, మీ మాటల్లో ఏముందో పట్టుకోలేనా?

మొహమాటపడకండి. నేను పాతకాలం మనిషిని కాను. మీ వయసేం మించిపోలేదు. మా చెల్లెలంటే మీకెంత అభిమానమో నేను ఎరగనిది కాదు. తోడు కావాలనిపిస్తే నేనే ముందు నిలబడి జరిపిస్తాను. నాకు కష్టమనిపించినా నిలబడతాను. కానీ ఆవిడ తన పేరున వేరే ఖాతా తెరుచుకోవాలి గానీ మా చెల్లెలి పేరు వాడుకోకూడదు. మీ ఇంట్లోకి రావడం శుభకార్యం, ఆ ఖాతాలోకి రావడం నేరం. రెండూ ఒకే మనిషి చేస్తే నేను పెళ్లిపెద్దనా, ఫిర్యాదినా? ఏది ముందు కానివ్వాలో మీరిద్దరూ కూర్చుని తేల్చుకుని రాయండి.

చట్టం మాత్రం ఆగదు. పిటిషన్ పంపేశాను. సంతకం ఉద్వేగంతో వంకరపోయింది, ఎడమచేతిది కావడం వల్ల కూడా. డేటా రక్షణ కార్యాలయంలో వాదనలు వినరట. కాగితం చూసి తేల్చేస్తారట. ఇంత గొంతు పెట్టుకుని నేనేం చేయాలి? అయినా భయం లేదు. ఆ కాగితంలో ప్రతి ముక్కా నిప్పు. ఖాతాలో అక్షరం మిగలదు.

అన్నీ అర్థం చేసుకోగల,
మీ బావ

తా.క. అక్కయ్య రాస్తున్నది. ఈ ఉత్తరం రాసేటప్పుడు రెండు కలాలు విరిగాయి. కలాల తప్పు లేదు. తమ్ముడూ, ఈయన మాటలు పట్టించుకోకు. కళ్లజోడు గట్టి ఫ్రేముదే తీసుకున్నావా? పాప బోర్లా పడుకుని చదువుతుంది, పుస్తకం మీదే నిద్రపోతుంది.

*

ఇంటి నుంచి,
గురువారం

బావగారికి,

ఎవరూ లేరు.

టీచర్ నాకు యాప్‌లో ఒక ఖాతా ఇచ్చింది. అందులో తల్లీ తండ్రీ మాట్లాడుకునే చోటు ఒకటి ఉంది. ఉందని నాకు ఇన్నాళ్లూ తెలియదు. అక్కడ దొంగకి రాశాను. పోలీసులు వద్దన్నారని తెలుసు.

“మీరెవరు?” అని రాశాను.

చాలాసేపటికి జవాబు వచ్చింది. “పాప కొత్త కళ్లజోడు పెట్టుకుని ఏమంది?”

“బాగుంది.”

“ఆ మాట తనన్నదా, నువ్వన్నావా?”

లేచి వెళ్లి పాపని అడిగాను. వచ్చి రాశాను. “బోర్డు మీద టీచర్ గీతలు గీస్తుందనుకుందట. అవి అక్షరాలని ఇవాళ తెలిసిందట. మళ్లీ గీతలే బాగుండేవి, చదవక్కర్లేదు అంటోంది.”

దొంగ నవ్వుతున్నట్టు ఒక బొమ్మ వచ్చింది. నాకూ నవ్వు వచ్చింది. పక్కగదిలోంచి పాప వచ్చి, ఏమైంది నాన్నా అని చూసి వెళ్లింది.

దొంగ నన్ను నువ్వు అంటోంది. ఆడమనిషే అని నా అభిప్రాయం కూడా. ఎవరో తెలియదు. తెలుసుకోవాలని అంత తొందర లేదు.

ఒకటి సరిగ్గా రాయాలి. మొదటి ఉత్తరంలోనే రాయవలసింది. పాప ఈమధ్య అడుగుతోంది, చిన్నప్పుడు నేనెలా ఉండేదాన్ని, ఏం మాట్లాడేదాన్ని, అమ్మకి నామీద కోపం వచ్చేదా అని. నాకు చెప్పడం రాదు. బాగుండేదానివి అంటాను. అది చాలడం లేదు. మీ చెల్లెలు రోజూ సాయంత్రం అదే రాసింది. అవి చెరిపేస్తే పాపకి చెప్పేవాళ్లు ఇక ఎవరూ ఉండరు.

పరిహారం వద్దు. కేసు వద్దు. పిటిషన్ వెనక్కి తీసుకోండి. దయచేసి.

మీ బావ

తా.క. ఏం పోయాయో పిల్లవారీగా స్కూలు రాసిచ్చింది. తల్లిదండ్రులు సంతోషంగా ఉన్నారు. కలిసి దావా వేయాలా, డేటా రక్షణ కార్యాలయానికి ఫిర్యాదు చాలా అని రెండో సమావేశంలో చర్చ జరిగింది. నేనేమీ మాట్లాడలేదు. దానికీ చప్పట్లు కొట్టారు.

*

మా వంటింటి బల్ల,
మంగళవారం

తమ్ముడికి,

దీవెనలు. ఈ ఉత్తరం నేను చెబుతుంటే నేనే రాస్తున్నాను.

నిన్న ఉదయం సైబర్ విభాగం నుంచి ఒకాయన వచ్చాడు. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. మీ బావగారు ఎదురెళ్లి కూర్చోబెట్టారు. నేను టీ పోస్తున్నాను.

“మీ ఫిర్యాదు విషయమే సార్. ఆ ఖాతా ఏ ఇంట్లోంచి నడుస్తోందో తెలిసింది.”

“తెలిసిందా! పదండి, ఇప్పుడే వెళ్దాం. ఉండండి, చొక్కా మార్చుకుంటాను.”

“అవసరం లేదు సార్.”

“అవసరం లేకపోవడమేంటయ్యా? దొంగ ఇంటికి ఇలా నలిగిన చొక్కాతోనా వెళ్లేది?”

“మీరు ఆల్రెడీ అక్కడే ఉన్నారు సార్.”

ఆయన గది నాలుగు మూలలా చూశారు. తరవాత, నీమీద ఒట్టు తమ్ముడూ, “నేనా?” అని అడిగారు. ఒక్క క్షణం తనని తనే అనుమానించారు. నేను టీ కెటిల్ కింద పెట్టి, “నేను” అన్నాను.

హాస్పిటల్లో ఉన్నప్పుడు ఆ ఖాతా నా ఫోన్లో పెట్టించింది మీ ఆవిడే. “వదినా, ఈయనతో చిక్కేం లేదు. కానీ టీచర్ ఇంత పొడుగు రాస్తే ఈయన సరే అని పంపుతారు. ఆవిడ ఈయనకి కోపమొచ్చిందనుకుంటుంది. పిల్లని ఇంట్లో పట్టించుకునేవాళ్లు లేరనుకుంటుంది. ఈయన కాస్త తేరుకునేదాకా నువ్వు రాయి” అంది. ఎన్నాళ్లని నేను అడగలేదు, తను చెప్పలేదు.

నువ్వు వంతెనల మీంచి ఇల్లు చేరేలోపు పాప రోజూ నాకు ఫోన్ చేస్తుంది. బళ్లో జరిగినవన్నీ పూసగుచ్చినట్టు చెబుతుంది. అందులోంచి టీచర్‌కి కావలసింది నేను రాస్తాను. వీడియో కాల్లో పాప ఫోను ముక్కుకి ఆనించి చూస్తుంటే కళ్లమీద అనుమానం వచ్చింది. దూది పెట్టుకోమన్నది కూడా నేనే. నేను రాస్తున్నట్టు పాపకి మొదటినుంచీ తెలుసు. “నాన్నకి చెప్పలేదేమే?” అంటే, “నాన్న అడగలేదుగా అత్తయ్యా” అంది. పోలిక ఎక్కడికి పోతుంది!

నీ మొదటి ఉత్తరం రాగానే నీతో చెప్పేద్దామనుకున్నాను. కానీ నా ఫోన్లో ఈ ఏడాదివే కనబడతాయి, తను రాసినవన్నీ స్కూలు దగ్గరే ఉన్నాయి. నేను బయటపడితే ఖాతా మూసేస్తారేమో, అవి నీకు దక్కవేమోనని భయపడ్డాను. ఇంతలో ఈయన నామీద ఫిర్యాదు నాచేతే రాయించారు. మూడు ప్రతులు రాశాను. చెయ్యి నొప్పి పుట్టింది.

ఇక చెరిపించే పిటిషన్ సంగతి. ఆయన చెప్పారు, నేను రాశాను. కాకపోతే ఆయన చెప్పింది రాయలేదు. ఆయన నిప్పులు కురిపిస్తుంటే నేను ఇలా రాశాను. “ఈ మాటలు రాసింది తల్లి. అవి పిల్ల గురించినవి. కాబట్టి అవి పిల్లవి. పిల్ల తరఫున తండ్రి అడుగుతున్నాడు. చెరిపేముందు పిల్లవి పిల్లకి ఇప్పించండి.” దాంతో నీ వకాలతు పెట్టాను. ఆయన సంతకం పెట్టి, “అదరగొట్టాను కదూ?” అన్నారు. అవునన్నాను.

నిన్న పోలీసాయన ఉండగానే కార్యాలయం నుంచి ఉత్తర్వు, దానివెంటే స్కూలు నుంచి మీ ఆవిడ సందేశాల కట్టా వచ్చాయి. విషయం తెలిసి ఈయన ఇల్లు ఎగిరిపోయేలా అరిచారు. వకీలు వాదన క్లుప్తంగా, సూటిగా ఉందని ఉత్తర్వులో మెచ్చుకున్నారు. అది చదివి వినిపించాను. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని ఆ మాట ఎవరూ అని ఉండరు. మెత్తబడ్డారు. ఇప్పుడు పక్కగదిలో నా తరఫున వాదన తయారుచేస్తున్నారు. ఫిర్యాదు నిండా లోపాలేనట. ఏ తెలివితక్కువవాడు రాశాడిది అని తిడుతున్నారు.

పోలీసాయన మంచివాడు. రెండు కప్పుల టీ తాగాడు. ఎవరూ మోసపోలేదని పిల్ల తండ్రి రాసిస్తే ఫిర్యాదు మూసేస్తానన్నాడు. రాసి పంపు. నిజంగా మోసపోయాననిపిస్తే అదే రాయి. నేనేం అనుకోను.

కట్ట దీనితో పంపుతున్నాను. స్కూలు వేసిన తాడు అలాగే ఉంది. పాపా నువ్వూ కూర్చుని విప్పుకోండి.

ఒక్కటే మిగిలింది. ఆ ఖాతా ఇక నేను ముట్టుకోకూడదట. నీ పేరు మీదికి మార్చారు. స్కూల్లో పిల్లలు నాటకం వేస్తున్నారు. పాపకి పెద్ద వేషం ఇద్దామనుకుంటున్నాం, నలుగురిలో భయపడుతుందా, ఇంట్లో ఎలా ఉంటుంది, ఏమంటారు అని టీచర్ నిన్న అడిగింది. ఆ జవాబు నువ్వు రాయాలి. పాపని అడిగి రాయి, చూసి రాయి, తెలియకపోతే నాకు ఫోన్ చేసి రాయి. ‘సరే’ అని ఒక్క ముక్క పంపావో, నామీద కేసు నేనే తిరగదోడిస్తాను.

ప్రేమతో,
మీ ఇంటి దొంగ

తా.క. ఎడమ చెయ్యి. వంకరగా ఉంది, మన్నించాలి. ఇది నేనే రాస్తున్నాను బావగారూ, చెప్పి రాయించడం లేదు. ఆ కట్టలోంచి ఒకటి నాకు పంపండి. చిన్నదైనా సరే. పాప అల్లరి గురించిదైతే మరీ మంచిది. మా చెల్లి చిన్నప్పుడు అలాగే ఉండేది. అసలుది మీ దగ్గరే ఉంచుకోండి. నాకు ప్రతి చాలు.